పేదవాడు ఎవరి లెక్కలోకి వస్తాడు?

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల మధ్య, ముఖ్యంగా ఎన్నికల ఏడాదిలో, ఒక మాట తరచుగా వినిపిస్తుంది. ఒకప్పుడు ఈ దేశంలో పేదల జోలికి ప్రభుత్వం వచ్చేదే కాదట. చర్చి, ఇరుగుపొరుగు, ఊరి పెద్దలు కలిసి చూసుకునేవారట. వాషింగ్టన్ చెయ్యి పెట్టాకే అంతా చెడిందట. ఈ మాట అనేవాళ్లు రాతిగుండె మనుషులేం కాదు. ఫుడ్ బ్యాంకుకి బియ్యం బస్తాలు మోసేవాళ్లు, సొంతూరి బడికి డబ్బు పంపేవాళ్లు వాళ్లలో నాకు చాలామంది తెలుసు. అయినా ఆ మాటతో నాకు పేచీ ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో అమెరికన్ కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), టౌన్లు తమ పేదలతో ఎలా వ్యవహరించాయో చదివినకొద్దీ ఆ పేచీ పెరుగుతూ వచ్చింది.

ముందు అసలు సంగతి. పేదల్ని పోషించడం ఆ రోజుల్లో ప్రభుత్వం పనే. 1601 నాటి ఇంగ్లండ్ పేదల చట్టాన్ని వలస వచ్చినవాళ్లు తమ వెంట తెచ్చుకున్నారు. తనను తాను పోషించుకోలేని మనిషికి అయినవాళ్లు లేకపోతే ఊరే తిండి పెట్టాలి. అందుకు ఊళ్లో ఆస్తి ఉన్నవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయాలి. ఆ డబ్బు పంచడానికి ఓవర్సీర్లను పెట్టాలి. స్వాతంత్ర్యం వచ్చాక రాష్ట్రాలు రాజుగారిని వదిలించుకున్నాయి గానీ ఈ చట్టాన్ని వదల్లేదు. న్యూ ఇంగ్లండ్‌లో ఆ బాధ్యత టౌన్‌ది. వర్జీనియాలో చర్చి పాలకవర్గాల చేతిలో ఉన్న పని 1780ల్లో ఓవర్సీర్లకు మారింది. నార్త్ కరొలినాలో ఇదే పనికి కౌంటీకి వార్డెన్లు ఉండేవారు. పడమటివైపు ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్ లాంటి కొత్త రాష్ట్రాలు పుట్టినప్పుడు కూడా రోడ్లు, జైలు, కోర్టు భవనంతో పాటు పేదల పద్దు స్థానిక పాలన నెత్తినే పడింది. న్యూ ఇంగ్లండ్ టౌన్లలో చాలాచోట్ల ఏడాది ఖర్చంతటిలో అతిపెద్ద పద్దు పేదలదే.

అంటే ప్రభుత్వం ఉంది, గుమ్మం ముందే ఉంది. అంత దగ్గరగా ఉండి, చేతిలో అంత చిన్న ఖజానా ఉండటం వల్లే అది అంత కఠినంగా తయారైందని నేనంటాను.

ఆ ఏర్పాటులో మంచే లేదనడం అన్యాయం. ఓవర్సీర్ అంటే ఎక్కడినుంచో జీతం మీద దిగిన ఆఫీసరు కాదు, ఆ ఏడాదికి ఊరివాళ్లు ఎన్నుకున్న రైతో, కొట్టు యజమానో. తలుపు తట్టిన మనిషి ఎవరో, వాళ్ల నాన్న ఎలా పోయాడో, పొలం ఎందుకు చేజారిందో ఆయనకు ముందే తెలుసు. ఆ పద్దు పుస్తకాల్లో ఉండేవి ఇలాంటి ఖర్చులు: భర్త పోయిన ఆవిడకు చలికాలానికి బండెడు కట్టెలు, ముసలాయనకు ఒక జత బూట్లు, జ్వరంతో పడిపోయిన కూలీకి డాక్టరు ఫీజు, పురుడు పోసిన మంత్రసానికి కూలి, రోగిని రాత్రుళ్లు కనిపెట్టుకుని ఉన్న పక్కింటావిడకు కొంత డబ్బు, చివరికి శవపేటిక, గుంత తవ్విన మనిషికి కూలి. ఎవరింట్లో వాళ్లుండగానే అందే సాయం ఇది. పిల్లలు తల్లి దగ్గరే ఉంటారు, పొయ్యి ఆరిపోదు. ఆ పద్దులు చదువుతుంటే వాటిని రాసిన చేతుల మీద నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

కానీ ఆ బండి కట్టెలు ఇంటికి చేరేలోపు ఓవర్సీర్ ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. ఈ మనిషి మనవాడేనా? సెటిల్‌మెంట్ అని ఒక చట్టబద్ధమైన హోదా ఉండేది. అది ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికే మనిషిని పోషించే బాధ్యత. తండ్రికి ఎక్కడుంటే పిల్లలకూ అక్కడే. ఆస్తి కొన్నా, పన్ను కట్టినా, ఒకచోట అప్రెంటిస్‌గా గడువు పూర్తి చేసినా కొత్తగా వచ్చేది. ఆడవాళ్లకు పెళ్లితో భర్త ఊరే సొంతూరు అయిపోయేది. దీని అర్థం చూడండి. పుట్టి పెరిగిన ఊళ్లోనే ఉంటున్న స్త్రీ, భర్త చనిపోయి చెయ్యి చాచాల్సి వస్తే, చట్టం ఆమెను తను ఒక్కసారైనా చూడని అత్తవారి ఊరికి చెందినదిగా లెక్కకట్టేది.

న్యూ ఇంగ్లండ్‌లో కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్ల ఇంటికి కానిస్టేబుల్ వచ్చి, ఊరు విడిచి వెళ్లమని అధికారికంగా నోటీసు అందించేవాడు. చాలామంది వెళ్లేవారు కాదు, ఊరివాళ్లూ పట్టుబట్టేవారు కాదు. వాళ్లు కూలి చేసుకోవచ్చు, కాపురం పెట్టుకోవచ్చు. రేపు పడిపోతే మాత్రం మా బాధ్యత లేదని ముందే రాసిపెట్టుకోవడం ఆ నోటీసు ఉద్దేశం. మసాచుసెట్స్ 1790ల్లో ఈ పద్ధతి మానుకుంది, వెర్మాంట్ 1817 దాకా సాగించింది. న్యూయార్క్‌లో నిజంగానే మోసుకెళ్లేవారు. ఒక టౌన్ కానిస్టేబుల్ మనిషిని సరిహద్దు దాకా తీసుకెళ్లి పక్క టౌన్ కానిస్టేబుల్‌కి అప్పగిస్తాడు, ఆయన ఆ తర్వాతి ఊరికి. ముసలివాళ్లు, రోగులు, గడ్డకట్టే చలి, అయినా బండి కదలాల్సిందే. ఆస్తి పంచుకున్న అన్నదమ్ములు తల్లిని వంతులేసుకుని, నెల తిరక్కుండానే బండెక్కించి పంపినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ఆమెకు జ్వరం ఉందా, అన్నం తిందా అన్నది ఎవరూ అడగరు, ఈ నెల ఎవరిది అన్నదొక్కటే తగువు. ఊళ్ల మధ్య ఈ తగువులు కోర్టుకెక్కేవి. ఆ మనిషిని ఏళ్ల తరబడి పోషించినా అంత అవదు, లాయర్లకే ఎక్కువ పోతోందని ఆ కాలంవాళ్లే మొత్తుకున్నారు.

సొంతవాడేనని తేలాక ఏం చేసేవారో కూడా చెప్పాలి. టౌన్ మీటింగ్ రోజున, చాలాచోట్ల టావెర్న్‌లోనే, అంటే ఊరి సారాకొట్టులోనే, వేలంపాట పెట్టేవారు. మామూలు వేలంలో ఎక్కువ పాడినవాడికి సరుకు. ఇక్కడ సరుకు మనిషి, పాట కిందికి దిగుతుంది. ఈ ముసలామెను ఏడాదిపాటు తిండీ బట్టా ఇచ్చి ఉంచుకోవడానికి ఊరి దగ్గర మీరెంత తీసుకుంటారు? అందరికంటే తక్కువ చెప్పినవాడి ఇంటికి ఆమె వెళ్లాలి. ఏడాదంతా ఆమె చేయగలిగిన పని కూడా అతనిదే. ఇచ్చిన డబ్బు ఇంతే కాబట్టి ఆమెకు పెట్టే ప్రతి ముద్దా అతని మిగులులోంచి తరుగు. వచ్చే ఏడాది మళ్లీ పాట, బహుశా మళ్లీ కొత్త ఇల్లు. మొగుడూ పెళ్లాలు ఒకరొక ఇంటికి, ఇంకొకరు ఇంకో ఇంటికి వెళ్లడం కూడా జరిగేది. గుర్తుంచుకోండి, ఈ పాటలో కూర్చున్నవాళ్లందరికీ ఆమె పేరు తెలుసు. ఆమెతో ఒకే చర్చిలో కూర్చున్నవాళ్లే. ఇరుగుపొరుగు చూసుకునేవారు అని మనం అంటున్నది వీళ్ల గురించే.

పిల్లల విషయం ఇంకో రకం. అనాథ పిల్లల్ని, తల్లిదండ్రులు పోషించలేని పిల్లల్ని కౌంటీ కోర్టులు, ఓవర్సీర్లు ఎవరో ఒక యజమానికి ఒప్పంద పత్రం రాసి అప్పగించేవారు. మగపిల్లలు 21 ఏళ్లు వచ్చేదాకా, ఆడపిల్లలు సాధారణంగా 18 వచ్చేదాకా. ప్రతిఫలంగా యజమాని తిండి, బట్ట ఇవ్వాలి, పని, కాస్త చదువు నేర్పాలి. చివర్లో కొత్త బట్టల జత ఇచ్చి పంపాలి. తల్లి బతికే ఉన్నా, ఆమెకు ఇష్టం లేకపోయినా కోర్టు పిల్లవాణ్ణి ఇచ్చేయగలదు. నార్త్ కరొలినాలోని వేక్ కౌంటీ కోర్టు 1822 ఫిబ్రవరిలో అలాంటి ఉత్తర్వొకటి రాసింది: చనిపోయిన జేకబ్ జాన్సన్ కొడుకు, తండ్రిలేని పిల్లవాడు, దర్జీ పని నేర్చుకోవడానికి జేమ్స్ సెల్బీకి అప్పగించడమైనది. ఆ అబ్బాయి తల్లి నేతపని, బట్టలు ఉతికే పని చేసుకుని బతికేది. రెండేళ్లకు, 1824లో, అతను అన్నతో కలిసి పారిపోయాడు. పట్టి తెచ్చినవారికి 10 డాలర్లు ఇస్తానని సెల్బీ పత్రికలో ప్రకటన వేశాడు. ఆ పిల్లవాడి పేరు ఆండ్రూ జాన్సన్, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. అతని సంగతి మళ్లీ వస్తుంది.

1819 ఆర్థిక సంక్షోభం ఈ పాత ఏర్పాటును కుదిపేసింది. బ్యాంకులు మూతపడ్డాయి, పనులు పోయాయి, పేదల పద్దు పెరిగింది, పన్ను కట్టేవాళ్లు గగ్గోలు పెట్టారు. 1821లో మసాచుసెట్స్‌లో జొసయా క్విన్సీ నాయకత్వాన ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. పేదలకు సాయం చేసే పద్ధతులన్నింటిలోకీ వాళ్ల ఇళ్లలోనే సాయం ఇవ్వడం అత్యంత దుబారా, మనుషుల అలవాట్లను చెడగొట్టేది కూడా అదే అన్నది దాని సారాంశం. అందరినీ ఒకచోట పెట్టి పని చేయించే ఇల్లు కట్టడమే చవక అంది. మూడేళ్లకు, 1824లో, న్యూయార్క్ రాష్ట్ర కార్యదర్శి జాన్ వాన్ నెస్ యేట్స్ రాష్ట్రమంతా వివరాలు సేకరించి ఇంకో నివేదిక పెట్టాడు.

ఈ రెండో నివేదికను కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే రోగాన్ని అంత సరిగ్గా గుర్తించి, మందు అంత తప్పుగా రాసిన ప్రభుత్వ పత్రాలు నేను ఎక్కువ చూడలేదు. రాష్ట్రంలో మొత్తం 22,111 మంది సాయం పొందుతున్నారని యేట్స్ లెక్క తేల్చాడు. వాళ్లలో 15,215 మంది ఏడాదిలో కొన్నాళ్లు మాత్రమే, ఎక్కువగా చలికాలంలో, చెయ్యి చాచేవాళ్లు. శాశ్వతంగా ఆధారపడ్డవాళ్లు 6,896 మంది. వాళ్లెవరు? సుమారు 2,600 మంది 14 ఏళ్లలోపు పిల్లలు. మిగిలినవాళ్లలో గుడ్డివాళ్లు, కుంటివాళ్లు, మతి చలించినవాళ్లు, మంచం పట్టిన ముసలివాళ్లు ఉన్నారు. తగిన పని చూపిస్తే ఎంతో కొంత సంపాదించగలరని ఆయనకు అనిపించినవాళ్లు సుమారు 1,800 మంది, వాళ్లూ మంచి వయసులో ఉన్నవాళ్లు కాదని ఆయనే రాశాడు. వేలంలో వెళ్లిన పేదల్ని తరచుగా అమానుషంగా చూస్తున్నారని, యజమాని పెట్టిన హింసకు పేదవాడు ప్రాణం పోగొట్టుకున్న కేసులు కోర్టు రికార్డుల్లో ఒకటికి మించి ఉన్నాయని రాశాడు. పిల్లల చదువు గాలికి పోయిందని, రోగుల్ని ఊరినుంచి ఊరికి తరలించడం క్రూరమని రాశాడు.

ఇన్ని తెలిసిన మనిషి ఏం సూచించాడు? ప్రతి కౌంటీకీ ఒక పూర్‌హౌస్, అంటే పేదల ఆశ్రమం. పక్కనే పొలం, పని చేయగలిగినవాళ్లతో పని, పిల్లలకు చదువు. ఆ ఏడాది నవంబర్‌లోనే చట్టం వచ్చింది. కౌంటీ బోర్డు సభ్యులు స్థలం కొనాలి, కట్టాలి, సూపరింటెండెంట్లను నియమించాలి. దేశమంతటా ఇదే గాలి వీచింది. ఒహాయో 1816లోనే కౌంటీలకు పూర్‌హౌస్ కట్టుకునే అధికారం ఇచ్చింది. బోస్టన్, ఫిలడెల్ఫియా పెద్ద పెద్ద భవనాలు లేపాయి.

పైకి చూస్తే ఇది ముందడుగే. కానీ లోపల ఇంకో లెక్క నడుస్తోంది, దాన్ని ఆ కాలం పెద్దలు దాచుకోలేదు కూడా. సాయం కావాలంటే ఇల్లు వదిలి పూర్‌హౌస్‌కి రావాలి అని పెడితే, నిజంగా గతి లేనివాడే వస్తాడు. మిగిలినవాళ్లు ఎలాగో ఒకలా చూసుకుంటారు. అంటే ఆ ఇల్లు ఆశ్రయం ఇవ్వాలి, అదే ఇల్లు జనాన్ని భయపెట్టి దూరంగానూ ఉంచాలి. ఈ రెండూ ఒక్క కప్పు కింద సాగవు. భయపెట్టడానికి చవక చాలు, ఆశ్రయానికి డబ్బు కావాలి. కౌంటీ ఖజానాకు ఏది తేలికో వేరే చెప్పక్కర్లేదు. పాత పద్ధతిలో ఉన్న మంచి, అంటే ఆ కట్టెల బండి, ఆ మంత్రసాని కూలి, దుబారా పేరుతో తగ్గింది. ఎవరి నెత్తిన పడతాడన్న లెక్క మాత్రం చెక్కుచెదరలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ఉండే మనవాళ్లకు హైలాండ్ పార్క్ తెలుసు. మే నెలలో లైలాక్ పండగకి పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు దిగే చోటు. ఎరీ కాలువ ఊరు కాబట్టి రాచెస్టర్ ఆ రోజుల్లో విపరీతంగా పెరుగుతోంది. 1824 చట్టం కింద మన్రో కౌంటీ తన పూర్‌హౌస్‌ను 1826లో ఈ ప్రాంతంలోనే తెరిచింది. 1984లో ఆ పార్కులో నేల చదును చేస్తుండగా ఎముకలు బయటపడ్డాయి. పూర్‌హౌస్‌లో, దాని పక్కనే వచ్చిన కౌంటీ జైలులో, పిచ్చాసుపత్రిలో చనిపోయినవాళ్లను పాతిపెట్టిన చోటు అది. ఒక్క గుర్తు లేదు, పేర్ల రాయి లేదు. తవ్వి తీసిన సుమారు 300 మందిని తర్వాత మౌంట్ హోప్ శ్మశానంలో మళ్లీ ఖననం చేశారు. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. నేను ఆ పార్కుకు వెళ్లినప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం ఒకటుంది. ఇది ఎక్కడో అడవిలో జరిగింది కాదు. కౌంటీ సొంత స్థలం, కౌంటీ ఖర్చుతో తవ్విన గుంతలు. ఆ ఖర్చు కూడా పద్దు పుస్తకంలో రాసే ఉంటారు. ఆ మనుషులు అందులో ఖర్చు కిందే మిగిలారు.

1857లో న్యూయార్క్ సెనేట్ కమిటీ రాష్ట్రంలోని పూర్‌హౌస్‌లను చూసి వచ్చి, కొన్నిచోట్ల పేదలకన్నా పెంపుడు జంతువుల్నే మెరుగ్గా చూస్తారని రాసింది. పిల్లల్ని అక్కడినుంచి తీసేయమంది. మూడేళ్ల నుంచి పదహారేళ్లలోపు పిల్లల్ని పూర్‌హౌస్‌లో పెట్టకూడదని చట్టం రావడానికి 1875 దాకా పట్టింది. ఆ మరుసటి ఏడాదే, పక్కనున్న మసాచుసెట్స్‌లో, పదేళ్లు ఇంకా నిండని పిల్ల, ఆమె తమ్ముడు టూక్స్‌బరీలోని ప్రభుత్వ ఆశ్రమానికి వచ్చారు. ఆమెకు చూపు దాదాపు లేదు, తమ్ముడికి తుంటి రోగం. కొన్ని నెలలకే ఆ పిల్లవాడు అక్కడే చనిపోయాడు. ఆ అమ్మాయి ఆన్ సలివన్, తర్వాత హెలెన్ కెల్లర్‌కి గురువు. టూక్స్‌బరీ ఎవరికోసం పెట్టిన ఇల్లు? 1854లో తెరిచినప్పుడు, ఏ టౌన్‌లోనూ సెటిల్‌మెంట్ లేనివాళ్ల కోసం. ఎక్కువగా సలివన్ తల్లిదండ్రుల్లాంటి ఐరిష్ వలసదారుల కోసం. ఏ ఊరూ మావాళ్లు అనని మనుషులకి ప్రత్యేకంగా కట్టిన కప్పు అది.

మావాళ్లు, బయటివాళ్లు అన్న ఈ గీత నల్లజాతి వాళ్ల దగ్గరికొచ్చేసరికి గోడగా మారింది. 1807లో ఒహాయో ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో స్థిరపడాలంటే నల్లవాళ్లు 500 డాలర్ల బాండు చూపించాలి. రేపు తిండి లేక ఊరిమీద పడరు అన్నదానికి పూచీ. అప్పట్లో అది కూలివాడు కలలో కూడా చూడని సొమ్ము. ఏళ్లపాటు అది కాగితం మీదే ఉంది. 1829లో సిన్సినాటీ టౌన్‌షిప్ ట్రస్టీలు దాన్ని గట్టిగా అమలు చేస్తామని ప్రకటించారు. తర్వాత అల్లరి మూకలు నల్లవాళ్ల ఇళ్ల మీద పడ్డాయి. వెయ్యి మందికి పైనే ఊరు విడిచిపోయారని అంచనా. కొందరు కెనడా చేరి విల్బర్‌ఫోర్స్ అనే ఊరు కట్టుకున్నారు. పేదల్ని కాపాడటానికి పుట్టిన చట్టాల భాషే మనుషుల్ని తరమడానికి పనికొచ్చింది. న్యూజెర్సీలో ఇంకో దారి. 1804 చట్టం కింద, బానిస తల్లులకు పుట్టిన బిడ్డలు పెద్దయ్యాక స్వేచ్ఛ పొందుతారు. అలాంటి బిడ్డ తనకు వద్దనుకుంటే ఏడాది నిండాక యజమాని పేదల ఓవర్సీర్లకు వదిలేయవచ్చు. ఓవర్సీర్ ఆ బిడ్డను ఎవరింట్లోనైనా పెడతాడు, పోషణకు ప్రభుత్వం నెలకు 3 డాలర్ల దాకా ఇస్తుంది. చాలాసార్లు ఆ బిడ్డ చేరింది వదిలేసిన యజమాని ఇంటికే, ఇప్పుడు డబ్బు కూడా తోడు. రాష్ట్ర ఖజానా తట్టుకోలేక కొన్నేళ్లకే ఆ ఏర్పాటు ఎత్తేశారు.

ఈ వాదన విన్న మిత్రుడొకరు నన్ను సూటిగా అడిగారు: కౌంటీలు అంత చెడ్డవైతే అప్పట్లో కేంద్రం ఏం వెలగబెట్టింది అని. న్యాయమైన ప్రశ్నే. కేంద్రం తప్పుకుంది, అదీ రెండుసార్లు, తెలిసి తెలిసి. సంఘసంస్కర్త డొరొథియా డిక్స్ మసాచుసెట్స్‌లోని జైళ్లు, ఆశ్రమాలు తిరిగి, మతి చలించినవాళ్లను బోనుల్లో, నేలమాళిగల్లో గొలుసులు వేసి ఉంచడం కళ్లారా చూసి 1843లో ఆ రాష్ట్ర శాసనసభ ముందు పెట్టారు. ఒక్కో రాష్ట్రం తిరిగి, ఇది స్థానిక ఖజానాలతో అయ్యే పని కాదని ఆమెకు అర్థమైంది. కేంద్రం చేతిలో ఉన్న భూమిలో కోటి ఎకరాలకు పైగా అమ్మి, ఆ సొమ్ముతో వైద్యశాలలు నడపాలన్న ఆమె బిల్లు కాంగ్రెస్ ఉభయ సభల్లోనూ గెలిచింది. 1854లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ వీటో చేశాడు. దేశమంతటి పేదలకు దానకర్త కావడం కేంద్రం పని కాదు, రాష్ట్రాలు చూసుకోవాలి అన్నాడు. రాష్ట్రాలేమో కౌంటీలకు వదిలాయి, కౌంటీలు పొరుగు కౌంటీ వైపు వేలు చూపించాయి.

రెండోసారి వీటో చేసింది ఆండ్రూ జాన్సనే. బానిసత్వం నుంచి బయటపడ్డ లక్షలమందికి తిండి, వైద్యం, బడి చూసే ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోను కొనసాగించే బిల్లును 1866 ఫిబ్రవరిలో ఆయన తిప్పి పంపాడు. పేదల పోషణ అనేది రాజ్యాంగం రాసినవాళ్ల ఆలోచనలోనే లేదన్నాడు. (ఆ జూలైలో మరో బిల్లును కూడా వీటో చేశాడు గానీ కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చి చట్టం చేసింది.) చిన్నప్పుడు కౌంటీ కోర్టు ఉత్తర్వుతో యజమాని చేతికి వెళ్లి, తట్టుకోలేక పారిపోయిన మనిషి, అదే కోర్టుల దయకు అంతమందిని వదిలేద్దామన్నాడు. అప్పటికే ఆ కోర్టులు ఏం చేస్తున్నాయో కనపడుతూనే ఉంది. మిసిసిపీ 1865 చట్టం ప్రకారం, తల్లిదండ్రులు పోషించలేరని కౌంటీ అధికారులు తేల్చిన నల్ల పిల్లల్ని కోర్టు అప్రెంటిస్‌లుగా అప్పగించవచ్చు, అందులో మొదటి హక్కు పాత యజమానిది. మేరీలాండ్‌లో విడుదలైన కొన్నాళ్లకే వేలమంది పిల్లలు ఇలా వెనక్కి వెళ్లారు. వాళ్లలో ఎలిజబెత్ టర్నర్ అనే అమ్మాయి కేసు 1867లో చీఫ్ జస్టిస్ సాల్మన్ చేజ్ ముందుకొచ్చింది. తెల్ల పిల్లల పత్రంలో ఉండే చదవడం, రాయడం నేర్పాలన్న షరతు ఆమె పత్రంలో లేదు. అది బానిసత్వం కిందికే వస్తుందని ఆయన ఆమెను విడిపించారు. ఆ తీర్పు కౌంటీ నుంచి రాలేదు, కౌంటీ రాసిన కాగితాన్ని కొట్టేసిన ఫెడరల్ కోర్టు నుంచి వచ్చింది.

స్థానికత మీద నాకు పగేం లేదు. మనిషిని చూసి సాయం ఎలా అందించాలో తేల్చడానికి దగ్గరివాళ్లే నయం, ఆ కట్టెల పద్దులే అందుకు సాక్ష్యం. చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. ఊరి ఆస్తిపన్నుతోనే ఊరి పేదలు బతకాలంటే, ఎక్కువమంది పేదలున్న ఊళ్లోనే పన్ను కట్టగలిగేవాళ్లు తక్కువ. సంక్షోభం వచ్చిన ఏడాది ఖర్చు పెరుగుతుంది, రాబడి పడిపోతుంది. ఉదారంగా ఉన్న ఊరికి పక్క ఊళ్లవాళ్లు వస్తారన్న టెన్షన్ ఉంటుంది, కాబట్టి ప్రతి ఊరూ పక్క ఊరికన్నా కాస్త గట్టిగా బిగిస్తుంది. ఈ పోటీలో మంచి ఓవర్సీర్ కూడా ఓడిపోతాడు. ఆయన్ని ఎన్నుకునేది పన్ను కట్టేవాళ్లే, సాయం తీసుకునేవాళ్లు కాదు.

ఈ చరిత్ర మనకు పరాయిది కూడా కాదు. అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు వేసిన ప్రతి తెలుగు ఇంట్లోనూ ఐ-864 ఫారం నింపే ఉంటారు. వాళ్లు ప్రభుత్వం మీద పడరు, పడితే ఖర్చు నేను కడతాను అని సంతకం పెట్టే కాగితం అది. మా అమ్మ కోసం నేనూ పెట్టాను. అలా ప్రభుత్వం మీద పడే మనిషిని పబ్లిక్ ఛార్జ్ అంటారు, ఆ మాట వలస చట్టాల్లోకి వచ్చింది ఈ టౌన్, కౌంటీ పేదల చట్టాల నుంచే. ఓడలో వచ్చేవాళ్లు ఊరిమీద పడరని ఓడ కెప్టెన్లు పూచీ ఇవ్వాలన్న న్యూయార్క్ చట్టం 1824 నాటిది, అంటే పూర్‌హౌస్ చట్టం వచ్చిన ఏడాదే. ఓడ మనుషుల జాబితా ఇవ్వాలన్న దాని నిబంధన మీద 1837లో కేసు వస్తే, అంటురోగాన్ని అడ్డుకున్నట్టే పేదల్ని అడ్డుకునే హక్కు రాష్ట్రానికి ఉందని సుప్రీంకోర్టు అంది. 1882లో అదే షరతు ఫెడరల్ వలస చట్టంలో చేరింది. దేశం లోపల ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రం పేదల్ని ఆపకూడదని తేలడానికి 1941 దాకా పట్టింది. తన బంధువుల్లో ఒక పేదవాణ్ణి కారులో రాష్ట్రంలోకి తీసుకొచ్చినందుకు ఒకాయన్ని కాలిఫోర్నియా శిక్షిస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది.

1935 సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చాక ముసలివాళ్లకు పూర్‌హౌస్ తప్పింది. ఆ చట్టం కింద కేంద్రం వాటా ఉన్న వృద్ధాప్య సాయం పూర్‌హౌస్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదని రాశారు, కాబట్టి ఇంట్లో ఉండి తీసుకోవాల్సిందే. నూరేళ్ల కిందట క్విన్సీ దుబారా అన్న పద్ధతే మళ్లీ వచ్చింది, ఈసారి పెద్ద ఖజానాతో. కానీ పిల్లల్లేని, ముసలితనం రాని, వైకల్యం ఉందని రుజువు చేసుకోలేని మనిషి ఇప్పటికీ పాత లెక్కలోనే ఉన్నాడు. కాలిఫోర్నియా చట్టంలో 17000 అనే సెక్షన్ ఉంది. బంధువులు, స్నేహితులు, సొంత సొమ్ము ఏదీ లేని పేదల్ని వాళ్లు ఉండే కౌంటీయే పోషించాలంటుంది అది, 1601 నాటి చట్టం మాటలకు ఎంతో దగ్గరగా. లాస్ ఏంజిలిస్ కౌంటీ దాని కింద ఒంటరి మనిషికి ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చింది నెలకు 221 డాలర్లు. ఆ ఊళ్లో ఆ డబ్బుతో గది కాదు, మంచం కూడా అద్దెకు రాదు. ఆ సొమ్ము మొత్తం రాష్ట్ర ఖజానా నుంచి రావాలని, కౌంటీ ఆఫీసులు దరఖాస్తు చూసి పంచే పని మాత్రం చేయాలని నేనంటాను. అప్పుడు ఏ కౌంటీ బోర్డుకూ తలుపు తట్టిన మనిషిని పక్క కౌంటీకి నెట్టడం వల్ల మిగిలేదేమీ ఉండదు.